మేడ మీంచి తాళాలు

ఏంటమ్మడూ, పెన్ను నములుతున్నావ్? మైనస్ సెకన్లొచ్చాయా? కొట్టెయ్, కొట్టెయ్. నేనూ అలాగే ఠీవిగా కొట్టేసి నెత్తిన బొప్పి కట్టించుకున్నాను. నవ్వకు. మీ అమ్మమ్మ సంగతే చెబుతున్నా. అప్పటికింకా అమ్మమ్మా కాదు, నా పెళ్లామూ కాదు. మా స్కూల్లో మేడ మీద ఫిజిక్స్ టీచరు. కింద లెక్కల మాస్టార్ని నేను. సాయంత్రం కింది ల్యాబుకి తాళం వెయ్యడం నా పని. తాళాలేమో ఆవిడ దగ్గర. మెట్లెక్కే ఓపికెవరికుంది? ఆవిడ పై వరండాలోంచి కాస్త పైకి ఎగరేసి వదిలేది, నేను కింద ఏరుకునేవాణ్ణి. ఓ రోజు ఆవిడకి ట్రాన్స్‌ఫర్ అన్నారు. సోమవారం నుంచి వేరే ఊరు. నేనేమో పెళ్లి మాట అడుగుదామని ఏడాదిగా నానుస్తున్నా మరి. మనిషన్నవాడైతే వెళ్లి అడుగుతాడు. నేను లెక్క కట్టాను!

కళ్లు మూసుకుని తాళాలు పట్టుకుంటే అడగడం, లేకపోతే నోరు మూసుకోవడం. నాకు నేనే పందెం. ఇహ చూడు, మేడ ఎనిమిది మీటర్లు, ఎగరేసే వేగం సెకనుకి మూడు మీటర్లు, భూమి లాగడం పది అనుకో. అన్నీ పెడితే వర్గ సమీకరణం, జవాబులు రెండు. ఒకటీ, మైనస్ ఒకటి పాయింట్ ఆరూ. మైనస్‌ది కొట్టేశా. సరిగ్గా ఒక్క సెకను! పదో తరగతి పిల్లలందర్నీ నిలబెట్టి మరీ, 'టీచర్ గారూ, వెయ్యండీ' అని కళ్లు మూసుకున్నా. సెకను అయ్యీ అవ్వగానే రెండు చేతులూ టప్పున మూశా. ఖాళీ. కళ్లు తెరిచి, వంగి అరచేతుల్లోకి చూసుకుంటున్నానా, అప్పుడు దిగాయి నడినెత్తిన. కిందికి ప్లస్ అనుకున్నవాడు పైకి విసిరిన వేగానికి మైనస్ పెట్టాలా వద్దా? పెట్టుంటే ఒకటి పాయింట్ ఆరే వచ్చేది, ప్లస్‌లో. నేను కొట్టేసిన అంకె! లెక్కల మాస్టార్నటా, లెక్కల మాస్టార్ని!

పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. ఆవిడ పరిగెత్తుకుంటూ దిగొచ్చి, 'అయ్యో మాస్టారూ, కళ్లెందుకు మూసుకున్నారండీ' అంటూ తడి రుమాలు అద్దింది. నాకు తలెత్తుకునే మొహమేదీ? అడగకూడదనేసుకున్నా. ఆవిడ వదిలితేనా? 'అసలెందుకు కట్టారీ లెక్క, చెప్పండి' అని నిలదీసింది. సిగ్గూ ఎగ్గూ లేకుండా మొత్తం కక్కేశా. 'లెక్క తప్పితే అడగడం కూడా మానేస్తారా?' అని నవ్వింది చూడు... ఆఁ, అంతే. అడిగేశా.

పెళ్లయ్యాక ఆవిడ వెళ్లిన ఊళ్లోనే మేడ మీద అద్దెకున్నాం. పొద్దున్నే స్కూటర్ తాళాలు మర్చిపోయి కింద నిలబడి కేకేసేవాణ్ణి. ఆవిడ విసిరేది. నేను జారవిడిచి, 'అబ్బా, చెయ్యి' అనేవాణ్ణి. 'ఈ జన్మకి మీకు పట్టుకోవడం రాదండీ' అని సణుక్కుంటూ మెట్లన్నీ దిగొచ్చి, చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేది. రాకేం? పెళ్లయిన ఏడాదికే వచ్చేసింది. పట్టేసుకుంటే ఆవిడ కిందికి రాదుగా...

ఆ ఫ్యాను కాస్త తగ్గించు తల్లీ, కాగితాలెగిరిపోతున్నాయి.