బొమ్మ ట్రాక్టర్లు, బావ పడవ

నవ్వకు బావా. ఈ నీలం ముక్క ఆరు వేలంటే నమ్మవేటి? నా అరసెయ్యంత నేదు, నిజమే. సక్రాలు తిరుగుతాయి, స్టీరింగు తిరుగుతాది, అంతే. దీంట్లో డీజిలు పోసేది నేదు, దీనికి తాడు కట్టి పడవ లాగేది నేదు. అయినా ఆరు వేలు! పోనేడు ఇదే బొమ్మకి నాను రెండు వేలు సెప్తే ఉమాశంకర్ గారు పకపకా నవ్వేరు. అదే, గజపతినగరంలో ట్రాక్టరు స్పేరు పార్టుల కొట్టాయన. ఈ బొమ్మల పిచ్చోళ్ళకి ఆయనే పెద్ద తలకాయ. ఇప్పుడాయనే ఫోను మీద ఫోను సేసి, "దాలయ్యా, ఇస్తావేటి?" అని బతిమాల్తన్నారు.

రేట్లకి పిచ్చెక్కిపోనాది బావా. మన సేపల రేటు సూడు, నిన్నటి ధరే ఇయ్యాళా. ఇవి మాత్రం తాడిసెట్టెక్కి కూకున్నాయి. నా నిజం ట్రాక్టరు సంగతేటని ఆయన్నే అడిగేను. "దాన్ని తుక్కు కింద తూకమేసుకోవాల్సిందే" అన్నారు. ఊరి పడవలన్నీ లాగే బండి తుక్కంట, గూట్లో కూకునే బొమ్మ బంగారమంట. ఇదేటి కాలం సెప్పు?

ఆ వల పక్కనెట్టు ఒక్క నిమషం. సూరయ్య మావ వలే గదా, సాయంత్రానికి ఇస్తే ఏటీ అనడు. నువ్వు ఒకరి వల ఒళ్ళో ఎట్టుకుని కూలికి కూకుంటావని ఎవుడనుకున్నాడు? మన పడవున్నప్పుడు...

సరేలే. ఆ మాటొద్దు. పని సేసుకుంటానే ఇను.

ఇదిగో, గోని మొత్తం తెచ్చీసేను. ఇది ఎర్ర మేసీ ట్రాక్టరు. ఇది కోతమిషను, దీని ముందరి పళ్ళు సూడు, నిజంగానే తిరుగుతాయి. ఇది నూర్పుమిషను. ఇది తొట్టి, ఎనక తలుపు తెరుసుకుంటాది కూడా. ఒక్కోదానికీ దాని అట్టపెట్టె ఉన్నాది. అట్ట నలగనేదు, మూల సిరగనేదు, తడి తగల్నేదు.

తడి తగల్నేదు. అవును.

నా పిచ్చి నీకు కొత్తేటి? జాలారోళ్ళింట పుట్టి, సంద్రం ఎక్కితే కక్కుకునీవోణ్ణి నాను. ఊర్లో నవ్వనోడు నేడు. ఆడోళ్ళు కూడా కొంగు నోటికడ్డమెట్టుకుని నవ్వీవోరు. నువ్వొక్కడివే నవ్వనేదు. "నీళ్ళ మీద బతకలేకపోతే ఇసక మీద బతకరా" అన్నావు. టెక్కలి తీసుకెళ్ళి ఆ పాత ట్రాక్టరు సూపించినోడివి నువ్వే గదా. పడవల్ని నీళ్ళలోకి తొయ్యడం, ఒడ్డుకి లాగడం. ఆ బండెక్కేక నన్ను సూసి ఎవుడూ నవ్వనేదు. "దాలయ్యా, నా పడవ" అని పిలిసీవోరే. అప్పుడు పట్టుకున్నాది నాకు ఈ బొమ్మల పిచ్చి. పడుకునే ముందర ఒకసారి వరసగా ఎట్టుకుని సూసుకుంటే, నాను కూడా ఒక మనిషినే అనిపించీది.

అప్పుడు వీటికి రేటేటి! కొత్త ట్రాక్టరు కొంటే షోరూమోడు బొమ్మ ఊరికే సేతిలో ఎట్టీవోడు. రైతులు దానికి పసుపు రాసి, బొట్టెట్టి దేవుడి గూట్లో ఎట్టీవోరు. నాను పొలాల ఊళ్ళంట తిరిగి, బుట్టలో సందువాలు సూపించి, "బాబూ, సేపలు తీసుకో, ఆ బొమ్మ ఇచ్చీ" అని అడిగీవోణ్ణి. నవ్వుకుంటా ఇచ్చీవోరు. మా అప్ప, అదే నీ పెళ్ళాం, ఏటనీది? "మా తమ్ముడికి పిచ్చి ముదిరింది, రోకలి తలకి సుట్టండి" అని వీధంతా సాటీది.

ఫోన్లో గ్రూపులొచ్చేక మారిపోనాది కత. సెన్నై నుంచొకడు, పూనా నుంచొకడు. బొమ్మకో రేటు, అట్టపెట్టుంటే దానికి రెండింతలు. అట్టపెట్టె బావా! బొట్టు మరకుంటే తగ్గిస్తారు, అట్ట తడిస్తే సగానికి సగం. లోపలి సరుకు కంటే పై అట్టకే మర్యాద. నాను కూడా అలగే అయిపోనాను. సక్రం తిప్పి సూసుకోడం మానీసి, మూలలు తడిమి సూసుకోడం మొదలెట్టేను.

ఏటీ? ఎందుకు తెచ్చేనా?

అమ్మీద్దారని. ఉమాశంకర్ గారితో మాటాడీసేను, మొత్తం ఒకేసారి తీసీసుకుంటారు. ఆ డబ్బు నీది. కొత్త బోటు రాదుగాని పాతదొకటి వస్తాది. ఇంజను సంగతి నాను సూస్తాను.

అలగ సూడకు. ఊరికేనే. నీ బావమరిదిని కానేటి? మా అప్ప మొహం సూడలేక... నేదు. అదీ నిజమే గాని, అది కాదు.

నిన్న రామమందిరం కాడ నాకు సాలువా కప్పేరు గదా. అప్పట్నుంచీ ముద్ద దిగనేదు బావా.

సూరయ్య మావ మైకట్టుకుని ఏటన్నాడు? "తిత్లీ తుపానుకి మన ఊరి పడవలన్నీ దాలయ్యే గట్టెక్కించేడు. సొంత బావ పడవ పోతన్నా కట్టుబాటు తప్పనేదు" అన్నాడు. అందరూ సప్పట్లు. సరే, ఆయనికి తెల్దు. మరి నువ్వెందుకు నెగిసేవు బావా? నిన్నెవుడు మాటాడమన్నాడు? "నా పడవ పోనాది గాని మావోడి మాట నిలబడ్డాది, నాకదే సాలు" అని సెప్పేవు. ఊరంతా నీ వేపు సూసి దండమెట్టినంత పని సేసింది. నీ కళ్ళల్లో నీళ్ళు, నా మెడ మీద సాలువా. ఆ భూమి సీలి నన్ను మింగీసినా బాగుణ్ణు.

మన కట్టుబాటు అదే గదా. తుపాను కబురొస్తే ట్రాక్టరోడు ముందు పరాయోళ్ళ పడవలు లాగాల. తనోళ్ళది ఆఖర్న. ముందే లాగితే "సూసేరా, సుట్టరికం సూపించేడు" అంటారని మన పెద్దోళ్ళు ఎట్టిన మాట.

ఆ రోజు నువ్వు ఒక్కసారి కూడా "నాది లాగరా" అన్నేదు. అందరి పడవలకీ నువ్వే తాడు కట్టేవు. సక్రం ఇసకలో దిగబడితే నువ్వే పలకలేసేవు, నువ్వే భుజమెట్టి తోసేవు. గాలికి ఇసకొచ్చి కళ్ళల్లో కొడతన్నాది. ఒక్కో పడవా గట్టెక్కీసింది. ఆఖర్న మనదొక్కటీ మిగిలింది. నువ్వు తాడు కట్టీసి, "రారా, ఇంక మనదే" అని నవ్వేవు.

నానేటన్నాను? "డీజిలు అయిపోవొచ్చినాది బావా, ఇంటికాడ డబ్బాలో ఉన్నాది, పోసుకుని బేగొచ్చేస్తాను" అన్నాను.

డీజిలుంది బావా.

ఉన్నాది. మన పడవకి సరిపోను ఉన్నాది, ఇంకా మిగులుతాది కూడా.

ఆగు. మొత్తం సెప్పనీ. మధ్యలో ఆపితే మళ్ళీ నోరు నెగవదు నాకు.

ఆ మజ్జాన్నమే ఉమాశంకర్ గారు ఫోను సేసేరు. ఈ నీలం ఫోర్డుకి పూనావోడు ఆరు వేలంటన్నాడు, అట్ట బాగుంటేనే సుమా, అన్నారు. పడవలు లాగుతన్నంతసేపూ నాకు సెవిలో అదే మాట. మా ఇంటి పైరేకులు నీకు తెలిసిందే, మేకులు ఊడిపోయున్నాయి. రేకు లేస్తే వాన సరాసరి పెట్టెల మీదే. గబగబా సుట్టీసి వచ్చీస్తాను, ఎంతసేపు అనుకున్నాను. మనది తేలిక పడవ, ఒక్క లాగుకి వచ్చీస్తాది అనుకున్నాను. బావే గదా, ఆగుతాడు అనుకున్నాను.

పరాయోడిదైతే వొగ్గీసి ఎల్దునా? సెప్పు! సూరయ్య మావ పడవైతే అడుగు కదుపుదునా? నీదని తెలిసే ఎల్లేను బావా.

ట్రాక్టరేసుకునే ఎల్లేను. ఇంట్లో కూకుని ఒక్కో పెట్టెకీ ప్లాస్టిక్ కవరు తొడిగేను. ఒక్కోదానికీ, మూల నలక్కుండా. వీటి మీద ప్రేమతో సేసేననుకుంటే కొంత నయం. కాదు. ఇది ఆరు వేలు, ఇది నాలుగు, ఇది వచ్చే ఏటికి ఇంకా పెరుగుతాది... అలగ రేటు సెప్పుకుంటా సుట్టేను. నువ్వక్కడ తాడట్టుకుని నిలబడున్నావని గుర్తు నేకపోనేదు. గుర్తుంది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటా కూకున్నాను.

బయటికొచ్చీసరికి సరుగుడు సెట్టు దారికడ్డంగా పడున్నాది. నీకు అప్పుడే సెప్పేను గదా, సెట్టు పడిపోనాదని. అది అబద్ధం కాదు. కాని నాను ఒడ్డునే ఉంటే అది పడక ముందరే మన పడవ గట్టు మీదుండీది. ఆ గోని నెత్తినెట్టుకుని తుపాను షెల్టరుకి పరిగెట్టేను. నిన్ను పోలీసులు లాక్కొచ్చేరంట. తాడు వదలనంటే వేళ్ళు విడదీసేరంట, అప్ప సెప్పింది. "మా దాలయ్యొస్తాడు, ఉండండి బాబూ" అన్నావంట.

షెల్టర్లో నన్ను సూసి ఏటన్నావో గుర్తుందా? "బతికేవురా" అన్నావు. నాను గోని మీద కూకోనున్నాను. అదేటని కూడా అడగనేదు నువ్వు.

తెల్లారి సూస్తే మన పడవ ముక్కలైపోయి తోపులో పడున్నాది. నువ్వు ఒక్కో ముక్కా ఏరి ఒక పక్కన పేర్సుకున్నావు. మా అప్ప ఏడుస్తన్నాది. తరవాతెప్పుడో ఫోనుకి సిగ్నలొచ్చింది గదా, మొట్టమొదట నాను సేసిన పనేటో తెలుసా? అట్టలన్నిటికీ ఫోటోలు తీసి ఉమాశంకర్ గారికి పంపించేను, తడవనేదు సూడండని. ఇల్లు కాలి ఒకడేడుస్తంటే సుట్టకి నిప్పడిగేడంట ఇంకొకడు. ఆ సుట్టోణ్ణి నానే.

తిట్టు బావా. కొట్టు. ఆ తెడ్డుంది, అది తీసి కొట్టు. నీకా పాటి హక్కుంది.

ఏటి సేస్తన్నావు? ఆ నీలం బొమ్మ పైకి తీసేవెందుకు? దాని స్టీరింగు తిప్పి సూస్తన్నావా? ఎట్టీ బావా, పెట్టెలో ఎట్టీ. మెల్లిగా, ఆ మూల నలుగుతాది...

సూసేవా! సూసేవా బావా! ఇప్పుడు కూడా నా నోటంట అదే మాటొచ్చింది. ఛీ, ఏటి బతుకు నాది.

సాయంత్రం రామమందిరం కాడికి ఎల్తాను. ఆ మైకే అట్టుకుని మొత్తం సెప్పీస్తాను. సాలువా సూరయ్య మావ సేతిలో ఎట్టీస్తాను. తరవాత ఊరు ఎలి ఏసినా సరే, మొహాన ఉమ్మినా సరే.

ఏటీ?

సెప్పొద్దా? ఎందుకు సెప్పొద్దు?

గట్టిగా అను, గాలికి ఇనబడ్నేదు...

ఊరి పడవల కోసం నీది పోనాదని నలుగురూ అంటన్నారు. పొద్దున్నే నెగిసి ఆ మాట కప్పుకునే బయటికొస్తన్నానంటావు. బొమ్మల కోసం పోనాదని తెలిస్తే, ఏ మొహమెట్టుకుని ఒకరి వలకి కూలి కూకుంటానంటావు. నవ్వుతారంటావు. నన్ను కాదు, నిన్ను.

అది నాకు తట్టనేదు బావా. ఒట్టు, తట్టనేదు. నాను సెప్పీసి నా మనసు కడుక్కుందామనే సూసేను గాని, ఆ మురికి నీళ్ళు నీ మీద పడతాయనుకోనేదు.

పోనీ డబ్బైనా తీసుకో. వద్దా? రేటు కట్టకంటావు. సంద్రం తీసుకున్నాదనుకున్నప్పుడే కట్టలేని రేటు, నువ్వు తీసుకున్నావని తెలిసేక ఎలగ కడతావురా అంటావు.

మా అప్పకైనా సెప్పనా? ఆమెకి తెలియాల గదా?

అదీ వద్దా.

సరే. సరే బావా, సెప్పను. గోని తీసుకుపోతాను. పైవూరోళ్ళెవరైనా వచ్చి ఆ తుపాను సంగతడిగితే నువ్వు నన్ను మెచ్చుకుంటావు, నాను తలొంచుకుని నిలబడతాను. సిగ్గరోడు, గొప్ప సెప్పుకోడు అనుకుంటారు. ఊరంతా నన్ను మంచోడంటాది, నువ్వు పక్కనే కూకుని ఊఁ కొడతావు. అలగే బతుకుతాను, ఏటి సేస్తాను మరి.