కొత్త సౌండ్‌బార్

ధర్మవరంలో మరమగ్గాల షెడ్డు మూసి భార్యాభర్తలు ఇల్లు చేరారు. ఆ రొదలో ఏళ్ల తరబడి ఒకరి పెదాలు ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవడం ఇద్దరికీ అలవాటు. సువర్ణ కొత్త సౌండ్‌బార్‌ను టీవీ కింద పెట్టి, తీగ తగిలించి, టీవీ వేసింది. మార్కండేయ మంచం మీద కూలబడ్డాడు.

"ఎట్లుండాది?" అంది సువర్ణ.

"ఏముండాది! ఒకటే గొణుగుతాండాది. తీగ సరిగ్గా పెట్టినావా?"

"పెట్టినా. తెచ్చినప్పుడు దుమ్ము పడకుండా నువ్వు కప్పిన పట్టు గుడ్డ కూడా తీసేసినా."

"అంగట్లో అన్నిట్లోకీ ఇదే కదా బాగా వినపడింది?"

"ఆడ అమ్మేటాయప్ప నీ ఎదురుగా నిలబడి చెప్పినాడు. ఆయప్ప నోరు చూసి నువ్వు తలూపినావు."

"అయితే టీవీనే చెడిపోయింటాది. దాన్ని మార్చల్ల."

"టీవీకేం కాలేదు. పక్కింటామె ఇప్పుడే వాకిలికాడికి వచ్చి, సౌండు తగ్గించు తల్లీ, తల పగిలిపోతాంది అని చెప్పి పోయింది."

"ఆయమ్మ మాట వదిలేయ్. మాటలు తేటగా వచ్చేదానికి ఏదో మీట ఉండాదన్నారే, అది నొక్కు."

సువర్ణకు వాదించే ఓపిక లేకపోయింది. రిమోట్ తీసుకుని ఒక మీట నొక్కింది. ఇల్లు సద్దుమణిగింది. తెర మీద మనుషులు ఊరికే నోళ్లు కదుపుతున్నారు.

"ఇప్పుడో?" అంది, అతనివైపు తిరిగి.

"అట్లే గొణుగుతాండాది. ఇంకొంచెం పెంచు."

ఆమె వచ్చి, తన పెదాలు కనిపించేలా అతని ఎదుట కూర్చుంది.

"నేను సౌండు మొత్తం ఆపేసినా," అంది.