ఉత్తి డబ్బా

బుల్లయ్య చేలో మిరప కోతకొచ్చిన సంతోషకుమారి మధ్యాహ్నం నీళ్ళు తాగి, వాంతులతో గట్టు మీదే పడిపోయింది. ఆమెను అద్దంకి ఆసుపత్రిలో చేర్చి ఇంటికొచ్చిన బుల్లయ్యను, కాళ్ళైనా కడుక్కోనివ్వకుండా, బీయస్సీ చదివే కూతురు శ్రీరమ్య పట్టుకుంది.

“అది కాదు నాన్నా నేనడిగేది. నీళ్ళు ఏ డబ్బాలో పంపావు?”

“ఏదో డబ్బా. ఉత్తి డబ్బా. ముందు కాసిని మంచినీళ్ళియ్యి.”

“ఇస్తాను. పురుగుమందు డబ్బానేనా?”

“ఒకప్పుడు మందుదే. అయిపోయింది. ఖాళీది. ఊరంతా వాటిల్లోనే నీళ్ళు మోస్తున్నారు, మనమొక్కళ్ళమేనా?”

“ఖాళీది అంటే?”

“ఖాళీ అంటే ఖాళీయే! దానికి కూడా మీ కాలేజీలో వేరే అర్థముందా?”

“ఉంది. మొన్న అన్నం తింటూ చెప్పాగా. సీసాలోంచి గాలి, వెలుతురు, వేడి అన్నీ తీసేసినా లోపల ఏదో కదులుతూనే ఉంటుందని. అసలేమీ లేని చోటంటూ లేదని.”

“చెప్పావు. గాలి లేని చోట రెండు రేకుల్ని బాగా దగ్గరగా పెడితే వాటంతటవే ఇంకా దగ్గరికి జరుగుతాయనీ చెప్పావు. నవ్వాను. ఇప్పుడు నవ్వట్లేదుగా, వదిలెయ్.”

“వదలను. సంతోషక్కకెలా ఉంది?”

“డాక్టరుకి మందు పేరు చెప్పే వచ్చా. సూదులేశారు. రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు.”

“భయమేస్తోంది నాన్నా. ఇద్దరు పిల్లలు ఆమెకి. డబ్బా ఏది? చూపించు.”

“పారేశా.”

“ఎక్కడ?”

“కాలవలో. కొట్టుకుపోయింది.”

“కాలవ ఎండిపోయి నెలైంది నాన్నా!”

“అబ్బబ్బ! పోలీసోళ్ళు కూడా ఇట్టా అడగరు.”

“రేపు వాళ్ళే వచ్చి అడుగుతారు. ఏం చెబుతావు?”

“నేనే కడిగాను, నేనే పంపాను అని చెబుతా. తప్పు నాదే. సరేనా?”

“నువ్వు కడిగావా? తాగిన గ్లాసు కూడా కడగవు నువ్వు!”

“కడిగా అన్నానుగా. మూడుసార్లు జాడించా. సర్ఫ్ వేసి మరీ కడిగా.”

“ఎప్పుడు?”

“ఇవాళ. పొద్దున.”

“అబద్ధం. ఇంట్లో సర్ఫ్ లేదు. ఆదివారమే నేను అడుగుదాకా దులిపేశాను... ఏంటి, అలా చూస్తావు?”

“ఏం లేదు. లోపలికి పో.”

“పోను. ఏదో దాస్తున్నావు. సర్ఫ్ లేదనగానే నీ మొహం మారిపోయింది.”

“దాన్ని దేనికి వాడావో గుర్తు చేసుకోమాకు తల్లీ.”

“దేనికేముంది, మోటారు షెడ్డులో నీలం డబ్బా ఉంటే... దాని మీద కాగితం కూడా లేదు... నాన్నా, అదా?”

“ఎవరడిగినా మా నాన్నే కడిగాడని చెప్పు. ‘శుభ్రంగా కడిగేశా, ఇంక లోపల ఏమీ లేదు నాన్నా’ అని నువ్వు నా చేతికిచ్చావని నేనెవరికీ చెప్పలేదు.”