నీళ్ల బండికి దిష్టి తాడు

థాయ్‌లాండ్ దీవిలో అంతర్జాతీయ జెట్ స్కీ పోటీ ముగిసి వారమైంది. బాగలూరు పక్కన గులాబీ తోట షెడ్డులో ధనశేఖర్, ఆ పోటీలో ఓడిపోయి వచ్చిన కూతురు చైత్ర, పూలు కట్టలు కడుతున్నారు.

"సొంత చెల్లెలు కాళ్ల మీద పడితే ఏం చేసేది పాపా? లేయమ్మా, అయ్యింది అయిపోయింది అని లేపినాను."

"అత్త ఎందుకు పడింది నాయనా నీ కాళ్ల మీద?"

"ఎందుకేంది? కొడుకు చేసిన పనికి. ఫైనల్లో అందరికన్నా ముందర పోతా ఉంటివి. మునిరాజ్ బండి తుడిచే గుడ్డ అడుగున మరిచి అంతా చెడిపె. వాడే ఒప్పుకున్నాడు కదా."

"ఒప్పుకున్నాడు."

"మెకానిక్ అనేవాడు బండి అడుగు చూడకుండా నీళ్లల్లోకి విడుస్తాడా? మీ క్లబ్బువాళ్లు పనిలోంచి తరిమేసింది సరే."

"టీ అంగడికాడ కూడా ఇదే చెప్పినావంట."

"అడిగితే చెప్పినా. అడగరా మరి? ఊరంతా ఫోన్లల్లో చూసిరి, నీ బండి నడి నీళ్లల్లో నిలిచిపోయింది."

"నాయనా, పోటీకి ముందర నువ్వు బండికాడికి పోయినావా?"

"యాడ?"

"ఆడ, గట్టున. మునిరాజ్ బావ అంతా చెక్ చేసి, పెట్రోలు తెచ్చేకి పోయినప్పుడు."

"పోయింటాను. చూసేకి."

"చూసేకేనా?"

"దండం పెట్టుకున్నా. అది కూడా తప్పా?"

"దండమేనా?"

"ఆ బకెట్టు ఇట్ల జరుపు. పూలు వాడిపోతా ఉండాయి."

"దండమేనా నాయనా?"

"తాడు కట్టినా. దిష్టి తాడు. మన గొర్రెల బొచ్చుతో మీ అవ్వ వడికిన నల్లతాడు. ఎద్దుల పండక్కి ఎద్దును అది కట్టకుండా విడుస్తామా? కొత్త ట్రాక్టరుకు కట్టలేదా? ఆడ ఇన్ని దేశాలోళ్లు, అందరి కండ్లూ నీ మీదనే. ఎవురికీ కనపడకుండా ముందర కొక్కీకి, కింద పక్క కట్టినా."

"ఆ బండి అడుగున నీళ్లు పీల్చి వెనక్కి చిమ్మితేనే ముందుకు పోతాది. లోపలికి దారప్పోగు పోయినా రెక్కలకు చుట్టుకొని నిలిచిపోతాదని నీకు చెప్పినాను."

"చెప్పినావు. గట్టిగా ముడేసినా కదా, ఏం కాదులే అనుకున్నా."

"అలలకు ఊడింది."

"ఊడుతుందని నాకేం తెలుసు?"

"నేను అడిగేది అది కాదు. ఊడిందని నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడు నువ్వు చెప్తే."

"నాయనా."

"ఏం నాయనా, నాయనా అని? బండిని గట్టుకు ఈడ్చుకొని వచ్చినప్పుడే చూసినా. మునిరాజ్ వంగి అడుగున చెయ్యి పెట్టినాడు. వేళ్ల సందున నల్లగా కనిపించె. చెప్దామనే ముందుకు వచ్చినా పాపా. అంతలో వాడే, ఈ గుడ్డ నాది, నేనే మరిచినా అనె. వాడు అట్ల అనుకున్నాడు. నేను గమ్మునుంటిని."

"గమ్మునుంటివి."

"కన్నబిడ్డ గెలిచేదాన్ని నేనే చెడిపినానని ఏ నోటితో చెప్పేది? అంతమంది ముందర?"

"ఆడ అంతమంది. విమానంలో పక్కపక్కన మనమిద్దరమే కదా?"

"నువ్వు కండ్లు మూసుకొని ఉంటివి."

"పొద్దున అత్త ఏడుస్తా ఉంటే?"

"చెప్దామనుకున్నా. ఆమె కాళ్లు పట్టుకునేసె. ఇంక ఎట్ల చెప్పేది?"

"కాళ్లు పట్టించుకొని, పైన మన్నించి పంపినావు."

"మాటలతో కోయొద్దు పాపా. వాడు చిన్నోడు. హోసూరులో ఇన్ని కంపెనీలుండాయి, ఏదో ఒక పని దొరుకుతాది."

"బావకు ఆ పనంటేనే ప్రాణం. ఇంక ఏ క్లబ్బువాళ్లూ ఇంజన్ ముట్టనీరు. జవళగిరిలో ఎవురిదో ట్రాక్టరు తోలుతా ఉండాడు."

"ఇప్పుడు నన్నేం చేయమంటావు? పోయి, అది గుడ్డ కాదప్పా, నా తాడే అని చెప్పమంటావా? చెప్తే వాడు నా మొగం చూస్తాడా?"

"బావకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అది నీ తాడని. చూస్తానే జేబులో కుక్కుకొని, అందరికీ తన గుడ్డ చూపించినాడు. అది చూసి నేను నిజం చెప్పేస్తానంటే చెయ్యి పట్టుకొని ఒట్టేయించుకున్నాడు. 'పాపం, మామకు తెలీదు, తెలిస్తే గమ్మునుండే మనిషి కాదు' అన్నాడు."