తోడి యుందునన్న దేవుడు

తబితమ్మని ఒకామె ఉండేదంట, మా అమ్మగారి పల్లెలో. ఆమె నోరుంది చూడండీ, అబ్బబ్బ, ఆమె వాకిట్లో నిలబడి తిడితే ఆరు మైళ్ళ అవతల రైలు ఆగిపోయేదంట, ముందు ఏదో ప్రమాదం జరిగిందనుకుని. నవ్వకండి, మా అమ్మ చెప్పింది. కాకులు ఆమె ఇంటి మీదుగా ఎగరకుండా చుట్టు తిరిగి పోయేవంట. అంత నోరున్నా, ఆ నోట్లోంచి ఒక్క మాట మాత్రం పుట్టి బుద్ధెరిగాక రాలేదు. ఏం మాట? "కాస్త సాయం పట్టమ్మా" అనే మాట. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఒంటి మనిషి. అయినా ఉప్పురాయి కూడా ఎవర్నీ అడగలేదనుకో. పక్కిల్లేమో తోడికోడలు మిరియమ్మది. వాళ్ళిద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఎందుకంటే, ఒక ఆదివారం గుళ్ళో ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా అని అడిగితే, ఈ మిరియమ్మ లేచి, "మా అక్క నోరు మారాలని సంఘమంతా ప్రార్థన చెయ్యండి" అందంట. అక్క అక్కడే కూర్చుని ఉంది! సంఘం ఊరుకుందా? మోకాళ్ళూని గంటసేపు చేశారు, కన్నీళ్ళతో. ఇంకేం మాట్లాడుద్దమ్మా ఆమె?

ఇంక ఏమైందంటే, కొత్త సంవత్సరం పొద్దున ఆరాధన అయ్యాక పెట్టెలో చెయ్యి పెట్టి తలా ఒక వాగ్దానం కార్డు తీస్తాం గదా. దాని మీద ఏ వాక్యముంటే ఆ యేడంతా దేవుడు ఆ మనిషికిచ్చిన మాట అది. ఆ యేడు కొత్తగా వచ్చిన పాస్టరయ్యగారు ఎలీషా అని కుర్రాడు, మీసం కూడా అక్కడక్కడా మొలిచిందంతే. ఆయనకా రోజు జలుబు. అట్టాంటిట్టాంటి జలుబా? ఒకసారి తుమ్మితే గుడి కిటికీలన్నీ తెరుచుకున్నాయి, రెండోసారి తుమ్మితే మూసుకున్నాయి. తబితమ్మకి చదువు రాదు. కార్డు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివాడు: "నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును." చదవడం చదివాడు గానీ, సరిగ్గా ఆ 'తోడై' దగ్గర ముక్కు బిగుసుకుపోయింది. ఆమె చెవిన ఏం పడిందంటే, "జలములు... నేను నీకు తోడి యుందును." జలములంటే నీళ్ళే గదా! తోడి యుందును అంటే నీళ్ళు తోడి ఉంచుతాననే గదా! 'నా రెక్కలు బాగానే ఉన్నాయి గదా, దేవుడికెందుకీ శ్రమ' అనుకుందంట తబితమ్మ. అనుకుని ఆ కార్డు బియ్యం డబ్బాలో దాచింది.

ఎండాకాలం వచ్చింది. అదేం ఎండ! అప్పడాలు ఆరబెడితే వేగిపోయి లేచేవి. పల్లెకంతా ఒకటే బావి, నీళ్ళు పాతాళానికి దిగిపోయినై. పొద్దున చేద వేస్తే అది నీళ్ళు తాకిన చప్పుడు మధ్యాహ్నానికి వినపడేదనుకో. ఆ బావి గట్టు మీదే తబితమ్మ కాలు జారి పడి కుడి భుజం విరగ్గొట్టుకుంది. కట్లు కట్టేవాడు వచ్చి కోడిగుడ్డు సొన, మినప్పిండి పెట్టి ముప్పై మూరల గుడ్డతో బిగించి, "నలభై రోజులు చెయ్యి కదిపావంటే నీ ఇష్టం" అని పోయాడు. ఇంట్లో నీళ్ళు అయిపోయినై. చుట్టుపక్కల వాళ్ళు మేం తెచ్చిపోస్తాం అంటూ బిందెలతో వస్తే, "నా మీద జాలిపడే దాకా వచ్చారా మీరు?" అని తరిమేసింది. అప్పుడు గుర్తొచ్చిందంట బియ్యం డబ్బాలో కార్డు.

తెల్లారి మూడు ఖాళీ బిందెలు ఒక్కొక్కటే ఎడం చేత్తో మోసుకొచ్చి బావి దగ్గర వరసగా పెట్టింది. చేద లేదు, తాడు లేదు. రాయి మీద కూర్చుంది. నీళ్ళకొచ్చిన ఒక కోడలుపిల్ల అడిగింది, "ఏంది తబితత్తా, చేదేది?"

"నాకెందుకే చేద?"

"మరి నీళ్ళు?"

"తోడతానన్నాయన తోడతాడు."

"ఎవరత్తా ఆయన?"

"నీకు చెప్తే నీ బిందె కూడా తెచ్చి పెడతావు. పో!"

ఆ పిల్ల పోయి పది మందికి చెప్పింది, వాళ్ళు వందమందికి చెప్పారు. పల్లెలో ఉన్నది అరవై గడపలే, వందమంది ఎక్కడ్నుంచి వచ్చారని అడక్కండి. వచ్చినోళ్ళంతా "మేం తోడి పోస్తాం" అనడం, ఆమె "నా బిందె ముట్టుకుంటే ఊరుకోను, మాటిచ్చింది మీరు కాదు" అనడం. పొద్దుగూకింది. బిందెలు ఖాళీ. గుక్కెడు నీళ్ళు గొంతులో పడలేదు. మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చుంది. పెదాలు పగిలి నెత్తురు. తిట్టడానికి కూడా తడి లేదు నోట్లో. అప్పుడు భయపడ్డారు జనం. ముసిలామె చచ్చిపోయేట్టుందని గుడి దగ్గరికి పరుగెత్తారు.

మధ్యాహ్నం ఎండలో అయ్యగారు సొంత చేద, తాడు భుజాన వేసుకుని ఉరికొచ్చాడు. సంగతి విన్నాడు. అప్పటికి అర్థమైంది ఆయనకి, ఇదంతా తన ముక్కు చేసిన పని అని. పక్కన కూలబడి, "అమ్మా, అది తోడి యుందును కాదమ్మా. తోడై యుందును. ఆ రోజు నాకు జలుబు" అన్నాడు.

"జలుబు మీకు అయ్యగారూ. ఆయనకి కాదుగా."

"నిజమే గానీ అమ్మా, అక్కడ రాసింది నీళ్ళు తోడటం గురించి కాదు. తోడై యుందును అంటే పక్కన ఉంటాను అని."

తబితమ్మ బిందెల వంక చూసింది. ఆకాశం వంక చూసింది. తర్వాత మెల్లగా, ఆ నోట అంత మెల్లటి మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు, అడిగింది. "పక్కన ఉండి ఏం లాభమయ్యా, నీళ్ళు తోడకుండా?"

నాలుగేళ్ళు బైబిలు కాలేజీలో చదివిన అయ్యగారు చేద అందుకుని, "నేను తోడతానమ్మా, తాగు" అన్నాడు. "మీరు తోడితే మీరు తోడినట్టే గదా. ఆయన మాట ఏం కావాలి?" అంది. ఆయన చేద కింద పెట్టేశాడు.

అప్పుడొచ్చింది మిరియమ్మ. అందరూ ఏమనుకున్నారు? తోడుద్ది, బతిమాలుద్ది, లేకపోతే మళ్ళీ ప్రార్థన పెట్టిస్తుంది అనుకున్నారు. అదేం లేదు. తన ఖాళీ బిందె తెచ్చి ఆ మూడు బిందెల పక్కన నాలుగోదిగా పెట్టింది. ఎండలో అక్క పక్కనే చతికిలబడింది. మిరియమ్మకి షుగరు, గంటగంటకీ నీళ్ళు తాగాల్సిన మనిషి. అరగంటయింది. గంటయింది. చూస్తున్న ఆడవాళ్ళకి ఏమనిపించిందో ఏమో, ఒకామె బిందె పెట్టి కూర్చుంది, ఇంకొకామె కూర్చుంది. ఖాళీ బిందెల వరస బావి దగ్గర్నుంచి ఎక్కడో దూరాన ఉన్న కృష్ణ ఒడ్డు దాకా పోయిందనుకో. గిలక కిర్రుమనలేదు. ఆ పల్లెలో ఆడవాళ్ళంతా ఒకేసారి నోరు మూసుకున్న మధ్యాహ్నం అదొక్కటే. ఎవరో పెద్దాయన వచ్చి నిలబడ్డప్పుడు ఎట్టా సర్దుకుంటామో, అట్టా కొంగులు సర్దుకున్నారంట అందరూ. ఎవరొచ్చారని అడిగితే ఎవరూ రాలేదు.

చివరికి తబితమ్మే పక్కకి తిరిగింది. "నువ్వెందుకే కూర్చున్నావు?" పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట.

"నువ్వు తాగేదాకా నేనూ తాగనక్కా."

"షుగరు మనిషివి, చస్తావే!"

"చస్తే చస్తా. ఒక్కదాన్నే కాదుగా."

ఆ మాటంటూనే మిరియమ్మ కళ్ళు తేలిపోతున్నాయి, మెడ వాలిపోతోంది. తబితమ్మ ఎడం చేత్తో పట్టుకుంది. పట్టుకుని, చూడండి, అరవై ఏళ్ళలో ఆ నోటి నుంచి రాని మాట అప్పుడొచ్చింది. "ఒసే మిరియా, లేవే. నీళ్ళు తోడవే, నీకు దణ్ణం పెడతా. నా వల్ల కాదే."

లేచింది మిరియమ్మ, తూలుకుంటా. అయ్యగారి చేద బావిలోకి వదిలింది. లాగడానికి సత్తువేది? తబితమ్మ ఆ ఎడం చెయ్యి తాడు మీద వేసింది. మిరియమ్మవి రెండు చేతులు, తబితమ్మది ఒకటి, మొత్తం మూడు. లాగారు. ఇదిగో, నేను ఇందాకట్నుంచి చెప్పినదాంట్లో సగం కోసేసుకోండి, ఏమనుకోను. ముక్కాల్భాగం కోసేసుకోండి. ఇది మాత్రం కొయ్యొద్దు. ఆ తాడుకి బరువు లేదంట. అంత లోతు బావిలో నిండు చేద, పూలబుట్ట లాగా పైకొచ్చిందంట. నాలుగో చెయ్యి ఎవరిదో కింద నుంచి ఎత్తిపెడుతున్నట్టు. ఇద్దరూ తాడు వదలకుండా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నువ్వేనా లాగింది?" "నేను కాదక్కా, నువ్వు కాదా?" అయ్యగారు వంగి బావిలోకి చూశాడు. అడుగున గుండ్రంగా ఆకాశం, ఇంకేం లేదు. చెప్పులు విడిచేశాడంట ఆయన.

ఆ పైన ఏమైందంటే, ముందు ఎవరు తాగాలని గొడవొచ్చింది. "నువ్వు తాగు, షుగరు దానివి." "నువ్వు తాగక్కా, రెండు రోజులైంది." "తాగుతావా లేదా ముండా!" "నువ్వు తాగితేనే!" పదకొండేళ్ళ మాటలూ అప్పుడే వచ్చినై, రైలు మళ్ళీ ఆగింది. ఈ సందట్లో ఎవరిదో మేక వచ్చి చేదలో మూతి పెట్టి నీళ్ళన్నీ తాగిపోయింది! చేసేదేముంది, మళ్ళీ వేశారు చేద. ఈసారి మామూలు బరువేనంట. మిరియమ్మ, అయ్యగారు, ఇంకో నలుగురు కలిసి రొప్పుకుంటా లాగారు. మరి ప్రతిసారీ ఆ పైనున్నాయనే వచ్చి తోడతాడా ఏంటి? ఆయనకి వేరే పల్లెలు లేవా?