చెంచయ్య కార్డూ, రవణమ్మ కార్డూ

చెంచయ్యకి అప్పంటే భయమంట. మిరప తోట కౌలుకి చేస్తాడు, బ్యాంకులో ఉన్న డబ్బుకి డెబిట్ కార్డు ఉంది, నాకది చాలంటాడు. పెళ్ళాం రవణమ్మ జాకెట్లు కుట్టి తన ఖాతాలో తను దాచుకుంటది. ఆమె క్రెడిట్ కార్డు తీసుకుందనుకో, ఇంక చూస్కో, “అప్పు కార్డు ఇంట్లోకి తెచ్చావు, కొంప ముంచుతావు” అని ఒకటే గొణుగుడు. నెలనెలా బిల్లు కట్టేస్తన్నా గదయ్యా అని ఆమె నవ్వేది. ఏమైందంటే, ఇద్దరూ టౌనుకి పోయి ఒకే కొట్లో కొన్నారు. అతను మందు కొట్టే పంపు, ఆమె కుట్టు మిషనుకి మోటారు. ఎవరి కార్డు వాళ్ళు గీకారు. ఆ కొట్లో ఉన్నోడు దొంగ అనుకో, రెండు కార్డుల నంబర్లూ, వీళ్ళు నొక్కిన పిన్నులూ కాజేశాడంట.

తరవాత ఒకరోజు తోటలో ఉండగా ఇద్దరి ఫోన్లూ మోగినై. చెంచయ్య ఖాతా ఊడ్చిపెట్టుకుపోయింది. రవణమ్మ కార్డు మీద ఎవడో టీవీ కొన్నాడు. ఆమె అక్కడే నిలబడి ఫోన్ చేసి రెండు కార్డులూ ఆపించి, మొగుణ్ణి ఎంటబెట్టుకుని బ్యాంకుకి పోయింది. మేనేజరమ్మ అంతా విని, “నువ్వు భయపడబాక రవణమ్మా, ఆ టీవీకి పోయింది మా బ్యాంకు డబ్బు. బిల్లు కట్టకముందే నాది కాదన్నావు, తేలిందాకా ఆ బిల్లు పక్కన పెడతాం” అంది. మరి నాదో, అన్నాడు చెంచయ్య. నీకు పోయింది నీ సొంత డబ్బు కదా పెద్దాయనా, ఎంటనే చెప్పావు గనక తిరిగొస్తది, కాకపోతే విచారణ అయిందాకా ఆగాల, అంది. ఆగేదెట్టా? కాయలు కోసిన ఆడోళ్ళకి ఆ సాయంత్రమే కూలి ఇవ్వాల. వాళ్ళకి ఏం మొహం చూపించాలని బస్టాండులో కూలబడ్డాడు, బస్సొచ్చినా లేవలా.

రవణమ్మ మళ్ళీ బ్యాంకులోకి పోయి తన ఖాతాలో డబ్బు తీసుకొచ్చింది. “నా కార్డు దొంగోడి చేతిలో పడ్డా దీన్ని ఎవుడూ తాకలా, చూడు. నీకు అప్పిస్తన్నా, తీసుకో” అంది. అప్పా, అన్నాడు. అప్పే, వడ్డీ కూడా ఉంది, పొద్దున్నే టీ నువ్వే పెట్టాల, అందంట. కూలోళ్ళందరికీ డబ్బు ముట్టింది, ఆ వడ్డీ సంగతి విని ఒకటే నవ్వు.

కొన్నాళ్ళకి చెంచయ్య డబ్బు తిరిగొచ్చింది, టీవీ బిల్లూ రద్దు చేశారు. అసలు తీర్చేశాడు గానీ వడ్డీ ఇంకా తీరలేదంటది రవణమ్మ. మొన్న పోతే నాకూ టీ ఇచ్చాడులే. పంచదార మరీ ఎక్కువేశాడు, అయినా వడ్డీ సొమ్ముకి వంకలు పెడతామా, తాగేసొచ్చా.