అమెరికా పార్టీ బావ

2001 కార్తీకమాసం. చిలకలూరిపేట బస్టాండు పక్కన ఎస్‌టీడీ బూతు. శివరామకృష్ణ ఫోను ముందు కూర్చున్నాడు గానీ నంబరు నొక్కడం లేదు. పక్కన భార్య వెంకటేశ్వరమ్మ.

"అది కాదే, నాకు ఎన్నేళ్ళ నుంచో ఒక అనుమానం. చెవులు కుట్టేటప్పుడు పిల్లని మేనమామ ఒళ్ళోనే ఎందుకు కూర్చోబెట్టాలి? కన్నతండ్రికి ఒళ్ళు లేదా?"

"అమరేశ్వరుణ్ణి అడుగుదురుగాని. గురువారం కుట్టించేది ఆయన గుళ్ళోనేగా. ముందు మా తమ్ముడికి ఫోన్ చెయ్యండి."

"చెయ్యనన్నానా? నువ్వే చెయ్యొచ్చుగా."

"గొడవ పెట్టుకుంది మీరు. మీరు పిలిస్తేనే కోటిలింగం వస్తాడు. వాడు రాకపోతే నా బిడ్డకి మేనమామ లేనట్టే."

"నేనేమన్నానని? పోయిన నెల మనింట్లో వ్రతం భోజనాల దగ్గర, అమెరికా చేసింది రైటే, కొట్టాల్సిందే అన్నాను. అంతేగా."

"అంతేనా? పులిహోర గరిటె పైకెత్తి, మాతో లేనివాడు వాళ్ళతో ఉన్నట్టే, ఇప్పుడే తేల్చుకో అన్నారు. పంక్తిలో అందరూ విన్నారు."

"అది నా మాట కాదే. బుష్ మాట."

"బుష్ వడ్డనకి రాలేదుగా. వాడు పెరుగు దాకా కూడా ఉండకుండా విస్తరి ముందు నుంచి లేచిపోయాడు."

"రాజీకి నేను ప్రయత్నించలేదా? పోస్టులో విభూతి పంపలేదా?"

"పంపారు. ఉత్తరం ముక్కయినా లేకుండా వట్టి కవర్లో తెల్లపొడి. పేపర్లన్నీ ఆంత్రాక్స్ ఆంత్రాక్స్ అని గోలపెడుతున్న వారంలోనే. పోస్టుమాను దాన్ని పట్టకారుతో పట్టుకుని మావాడి కొట్టు బయట నిలబడి కేకేశాడట."

"కవరు మీద నా పేరు రాశానుగా."

"రాశారు. ఎస్సైకి చెప్పడానికి అది బాగా పనికొచ్చింది."

"సరేలే, నొక్కుతున్నా... హలో. కోటిలింగమేనా?"

"ఆఁ, చెప్పండి బావా."

"ఏం లేదురా. ఊరికే. కొట్టు ఎలా ఉంది?"

"ఉంది. మీ మిరప ఎలా ఉంది?"

"బొబ్బర తెగులు పట్టింది. మందు కొడుతున్నాం."

"కొట్టండి, కొట్టండి. మీకు కొట్టడం మీద నమ్మకం ఎక్కువ."

"అంటే ఏంట్రా? తెగులొస్తే కొట్టకుండా చూస్తూ కూర్చుంటారా? ఆ ఎర్ర పేపరు చదివీ చదివీ నువ్వు..."

"నెలన్నర నుంచి కొడుతున్నారుగా. దొరికాడా లాడెన్?"

"దొరుకుతాడు."

"ఈలోపు బాంబులు ఎవరి ఇళ్ళ మీదో పడుతున్నాయిగా. ఆ ఇళ్ళవాళ్ళు ఏం చేశారు?"

"మరి ఆ రెండు మేడల్లో ఉన్నవాళ్ళు ఏం చేశార్రా?"

"వాళ్ళూ ఏం చెయ్యలేదు బావా. చేశారని ఎవరన్నారు?"

"అదీ. నిజం చెప్పనా? పూజలో కూర్చుంటే నాకూ తికమకగానే ఉంటోంది. ఇటువాళ్ళూ దేవుడు మావైపే అంటున్నారు, అటువాళ్ళూ అదే అంటున్నారు. పాపం ఆయన ఎవరి మాట వినాలి?"

"ఏవండీ. చెవులు."

"ఏం చెవులే?"

"సాయిలక్ష్మి చెవులు. మీటరు తిరుగుతోంది అక్కడ."

"ఆఁ. ఒరేయ్, గురువారం అమరావతిలో పిల్లకి చెవులు కుట్టిస్తున్నాం. నువ్వు రావాలి."

"చూద్దాం బావా. కొట్లో పని ఉంది."

"చూద్దామంటే కాదురా. పోనీ, అమెరికాది తప్పే. సరేనా? సగం తప్పు."

"ఇప్పుడు అమెరికా మాటెందుకు?"

"మొత్తం తప్పే పో. మీ అక్క ఇక్కడ నా మొహంలోకే చూస్తోంది. కావాలంటే బుష్ తరఫున నేను సారీ చెబుతున్నా."

"బావా, అమెరికా ఎటు పోతే నాకెందుకు?"

"మరి విస్తరి ముందు నుంచి ఎందుకు లేచావు?"

"పోనీయండి."

"పోనీయడమేంట్రా? నీతో చెడినా ఫర్వాలేదు, మాట మార్చను, నేను అమెరికా పార్టీ అని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నా ఇక్కడ. చెప్పు."

"వ్రతానికి పిలవడానికి మీరూ అక్కా వేటపాలెం దాకా వెళ్ళారు. అందరిళ్ళలో ఆడవాళ్ళకి బొట్టు పెట్టి పిలిచారు. తిరిగొచ్చే బస్సు మా చీరాలలో ఆగింది. మా బిందు తల దువ్వుకుని, కాఫీకి పాలు కాచుకుని కూర్చుంది. మీరు దిగలేదు. మర్నాడు ఫోన్లో రమ్మన్నారు."

"అది... బస్సు..."

"అయినా వచ్చింది బావా. వచ్చి మీ ఇంట్లో ఒక మూల నిలబడింది, పిలవని పేరంటానికి వచ్చినదానిలా. పంక్తిలో మీరు తేల్చుకో తేల్చుకో అంటుంటే నాకు దాని మొహమే కనపడింది. పెళ్ళానికి బొట్టు పెట్టలేదని అంతమందిలో ఎట్లా అంటాను? అమెరికా పేరు చెప్పి లేచాను."

"ఉండరా, ఒక్క నిమిషం. ఏమే, ఆ రోజు మనం చీరాలలో ఎందుకు దిగలేదు?"

"మీరు దిగనిచ్చారా? టీవీలో యుద్ధం వార్తలు అయిపోతాయన్నారు. మనవాళ్ళేగా, ఫోన్లో చెబుదాం అన్నారు."

"అంటే వాడు లేచింది ఎందుకో నీకు ముందే తెలుసా? తెలిసి కూడా నా చేత బుష్ తరఫున సారీ..."

"అవన్నీ తర్వాత. బిందుని ఇంట్లోనే ఉండమని చెప్పి ఫోను పెట్టేయండి. కుంకుమ భరిణె నా సంచిలో ఉంది, చీరాల బస్సు కదిలేట్టుంది. లేవండి, ఈసారి దిగుదాం."